యూదా మక్కబీయుడు

యూదా మక్కబీయుడు (మరణం: క్రీ.పూ. 160) ప్రాచీన యూదయ దేశంలో సెల్యూకస్ వంశపు గ్రీకు రాజుల మత నిర్బంధాన్ని ఎదిరించి సాగిన తిరుగుబాటుకు సేనానాయకుడు. యెరూషలేము దేవాలయాన్ని శత్రువుల చేతినుండి విడిపించి, శుద్ధి చేయించి, తిరిగి ప్రతిష్ఠ జరిపించాడు. ఈ సంఘటనకు గుర్తుగానే యూదులు నేటికీ ప్రతి సంవత్సరం చలికాలంలో ఎనిమిది రాత్రులపాటు దీపాలు వెలిగించి హనుక్కా పండుగ జరుపుకుంటారు. హనుక్కా అనే హీబ్రూ మాటకు ప్రతిష్ఠ అని అర్థం. తెలుగు బైబిలులో యోహాను సువార్తలో కనిపించే ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఇదే. అయితే ఈ పండుగకు కారకుడైన యూదా పేరు మాత్రం యూదుల పండుగ ప్రార్థనలలో గాని, తల్మూదులో గాని కనిపించకపోవడం ఒక విశేషం.

పేరు, కుటుంబం

యూదా పుట్టిన సంవత్సరం తెలియదు. ఇతని తండ్రి మత్తతీయ యాజక వంశానికి చెందినవాడు. యెరూషలేముకు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కొండలు దిగి మైదానం మొదలయ్యే చోట ఉన్న మోదీను వీరి ఊరు. మత్తతీయకు యోహాను, సీమోను, యూదా, ఏలియాజరు, యోనాతాను అని ఐదుగురు కుమారులు. వీరిలో యూదా మూడవవాడు. అన్నదమ్ములు ఐదుగురికీ మారుపేర్లు ఉండేవి. యూదా మారుపేరు మక్కబీయుడు. అరామిక్ భాషలో సుత్తి అనే అర్థమిచ్చే మాట నుండి ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. శత్రువును సుత్తితో మోదినట్టు మోదేవాడు గనుక ఆ పేరు వచ్చిందని కొందరు, తల ఆకారాన్ని బట్టి వచ్చిందని మరికొందరు అంటారు. ఒక ప్రార్థనా వాక్యంలోని మాటల మొదటి అక్షరాలను కలిపితే ఈ పేరు ఏర్పడుతుందనే వివరణ కూడా ఉంది గాని అది తరువాతి కాలపు కల్పనగా తోస్తుంది. ఒక్కడి మారుపేరు క్రమంగా కుటుంబం మొత్తానికి, ఆ తరువాత వారి ఉద్యమానికే పేరై నిలిచింది. వీరి వంశానికి చరిత్రలో హస్మోనీయ వంశమని పేరు.

ఆనాటి పరిస్థితులు

అలెగ్జాండరు క్రీ.పూ. 332లో ఈ ప్రాంతాన్ని జయించాడు. అతని మరణానంతరం సామ్రాజ్యం సేనానుల మధ్య చీలిపోగా, యూదయ మొదట ఈజిప్టును ఏలిన టోలమీల చేతిలోను, క్రీ.పూ. 200 ప్రాంతంలో జరిగిన పానియం యుద్ధం తరువాత సిరియాను ఏలిన సెల్యూకస్ వంశీయుల చేతిలోను పడింది. మూడవ అంతియోకస్ యూదులను వారి ధర్మశాస్త్రం ప్రకారమే బ్రతకనిచ్చాడు. కాని అతడు రోమనుల చేతిలో ఓడిపోయి, క్రీ.పూ. 188 నాటి అపమియా సంధి ప్రకారం భారీ నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది. అప్పటినుండి సెల్యూకస్ రాజుల దృష్టి ఎక్కడ ధనం ఉంటే అక్కడికి పోయింది. ఆ రోజులలో దేవాలయాలే ధనాగారాలు.

క్రీ.పూ. 175లో నాలుగవ అంతియోకస్ రాజయ్యాడు. ఎపిఫనీస్, అనగా ప్రత్యక్షమైన దేవుడు అనే బిరుదు ధరించాడు. ఆ సంవత్సరమే యాసోను అనే యాజకుడు రాజుకు ధనమిచ్చి, తన సోదరుని తొలగింపజేసి, ప్రధాన యాజక పదవి పొందాడు. యెరూషలేములో గ్రీకు పద్ధతిలో వ్యాయామశాల కట్టించాడు. కొద్ది సంవత్సరాలకే మెనెలాస్ అనేవాడు అంతకన్న ఎక్కువ ధనమిచ్చి ఆ పదవిని తన్నుకుపోయాడు. పదవి వేలం పాటలోకి దిగిందన్నమాట. కనుక తరువాత జరిగిన పోరాటాన్ని కేవలం గ్రీకులకూ యూదులకూ మధ్య యుద్ధంగా చూడడం సరికాదు. గ్రీకు నాగరికతను వలచిన యూదులకూ, పూర్వాచారాన్ని విడువని యూదులకూ మధ్య జరిగిన అంతఃకలహం కూడా అందులో ఉంది.

అంతియోకస్ ఈజిప్టు మీద దండెత్తి వస్తూ క్రీ.పూ. 169లో యెరూషలేము దేవాలయాన్ని కొల్లగొట్టాడు. మరుసటి ఏడు మరల ఈజిప్టు మీదికి పోగా రోమను రాయబారి పొపీలియస్ లేనాస్ ఇసుకలో అతని చుట్టూ గీత గీసి, ఆ గీత దాటేలోగా జవాబు చెప్పమని నిలబెట్టాడు. అవమానంతో వెనుదిరిగిన రాజు కోపం యెరూషలేము మీద పడింది. నగరంలో అక్ర అనే కోట కట్టి సైన్యాన్ని ఉంచారు. క్రీ.పూ. 167లో సున్నతిని, విశ్రాంతి దినాచారాన్ని, ధర్మశాస్త్ర గ్రంథాలను నిషేధించారు. కిస్లేవు మాసం 25వ తేదీన దేవాలయంలోని బలిపీఠం మీద గ్రీకు దేవునికి బలి ఇచ్చారు. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను, ఆ బిడ్డలతో సహా చంపినట్లు మక్కబీయుల గ్రంథాలు చెబుతున్నాయి. పందిమాంసం తిననని ప్రాణం విడిచిన వృద్ధుడైన ఏలియాజరు కథ, ఒక తల్లి తన ఏడుగురు కొడుకులతో కలిసి మరణించిన కథ రెండవ గ్రంథంలో ఉన్నాయి. ఈ ఏలియాజరు యూదా తమ్ముడు కాడు, వేరొకడు.

తిరుగుబాటు

రాజాజ్ఞను అమలుపరచడానికి ఒక అధికారి మోదీనుకు వచ్చి, ఊరిపెద్ద అయిన మత్తతీయను మొదట బలి ఇవ్వమన్నాడు. మత్తతీయ నిరాకరించాడు. అంతలో మరొక యూదుడు బలి ఇవ్వడానికి ముందుకు రాగా మత్తతీయ అతనిని, అధికారిని కూడా అక్కడికక్కడే చంపి, పీఠాన్ని పడగొట్టి, కొడుకులతో కొండలలోకి వెళ్ళిపోయాడు. తిరుగుబాటులో ఒలికిన మొదటి రక్తం సాటి యూదునిదే కావడం గమనించదగినది.

ఆ రోజులలోనే ఎడారి గుహలలో దాగిన సుమారు వెయ్యిమంది భక్తులపై సైన్యం విశ్రాంతి దినాన దాడి చేసింది. ఆ రోజు ఆయుధం పట్టడం ధర్మవిరుద్ధమని భావించి, వారు గుహ ద్వారానికి రాయి కూడా అడ్డు పెట్టకుండా స్త్రీలు, పిల్లలతో సహా మరణించారు. ఈ వార్త విని మత్తతీయ, అతని అనుచరులు ఒక నిర్ణయం తీసుకున్నారు. విశ్రాంతి దినాన తాముగా దాడి చేయరు. కాని శత్రువు మీదికి వస్తే ఎదిరించి పోరాడతారు. ధర్మశాస్త్రం కోసం ఆయుధం పట్టినవారు ఆ శాస్త్రాన్నే ఇలా సవరించి చెప్పుకోవలసి వచ్చింది. యూదుల ధర్మ చరిత్రలో ఇది పెద్ద మలుపు.

క్రీ.పూ. 166లో మత్తతీయ మరణించాడు. మరణించేముందు ఆలోచన చెప్పే పెద్దగా సీమోనును, సేనానిగా యూదాను నియమించాడు. పెద్దన్నలు ఇద్దరుండగా మూడవవాడిని సేనానిని చేసినా అన్నదమ్ముల మధ్య తగవు వచ్చినట్లు ఎక్కడా లేదు.

యుద్ధాలు

యూదా పోరాడిన దేశం చాలా చిన్నది. విస్తీర్ణంలో అది 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లా కంటె పెద్దదేమీ కాదు. అతని ముఖ్య యుద్ధాలన్నీ యెరూషలేము చుట్టూ, కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోయేంత దూరం లోపలే జరిగాయి. ఈ సంగతి గుర్తుంచుకుంటే అతని యుద్ధ పద్ధతి సులభంగా అర్థమవుతుంది. సైన్యాలు సముద్రతీరపు మైదానం నుండి పైకి రావాలంటే ఇరుకైన కనుమలు ఎక్కి రావాలి. యూదా ఆ కనుమల మధ్య పుట్టి పెరిగినవాడు.

మొదట సమరయ నుండి వచ్చిన అపొల్లోనియస్‌ను ఓడించి చంపాడు. అతని ఖడ్గాన్ని తాను తీసుకొని, బ్రతికినన్నాళ్ళూ దానితోనే యుద్ధం చేసాడు. తరువాత సేరోను అనే సేనాని బేత్ హోరోను కనుమ ఎక్కి వస్తుండగా పైనుండి దాడి చేసి మైదానం దాకా తరిమాడు. యూదా వెంట ఉన్నది కొద్దిమంది. ఆ రోజు వారు భోజనం కూడా చేయలేదు.

వీటిలో ప్రసిద్ధమైనది క్రీ.పూ. 165లో జరిగిన ఎమ్మావు యుద్ధం. రాజు ధనం కోసం తూర్పు దేశాలకు పోతూ పడమటి ప్రాంతాలను లిసియాస్ అనే మంత్రికి అప్పగించాడు. లిసియాస్ టోలమీ, నికానోరు, గోర్గియాస్ అనే ముగ్గురు సేనానులను పంపాడు. ఓడిన యూదులను బానిసలుగా కొనుక్కోవచ్చునని వర్తకులు వెండి బంగారాలు, సంకెళ్ళు పట్టుకొని ముందే దండులోకి వచ్చి కూర్చున్నారు. యూదా తన మనుష్యులను మిస్పాలో సమావేశపరచి ఉపవాసం చేయించాడు. ధర్మశాస్త్రంలో చెప్పినట్లుగా కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారిని, పెళ్ళి నిశ్చయమైనవారిని, ద్రాక్షతోట నాటుకున్నవారిని, భయపడేవారిని ఇళ్ళకు పొమ్మన్నాడు. సైన్యం చాలక ఇబ్బంది పడుతున్న సేనాని ఉన్నవారిని కూడా పంపివేయడం ఆశ్చర్యంగానే ఉంటుంది.

గోర్గియాస్ 5,000 మంది కాల్బలంతో, 1,000 మంది గుర్రపుదళంతో రాత్రివేళ కొండలలో ఉన్న యూదా విడిదిపై దాడికి బయలుదేరాడు. యూదా ఈ సంగతి ముందే తెలుసుకొని, విడిదిని ఖాళీ చేసి, అదే రాత్రి ఎమ్మావు దగ్గర ఉన్న శత్రువుల పెద్ద దండు మీదికి నడిచాడు. తెల్లవారేసరికి అతని వెంట ఉన్నది 3,000 మంది. వారికి సరియైన కవచాలు గాని కత్తులు గాని లేవు. కొంత బలం తగ్గిన దండు చెదిరిపోయింది. అప్పుడు యూదా చేసిన పని అతని నాయకత్వాన్ని తెలుపుతుంది. కళ్ళముందు వెండి బంగారాలు పడి ఉన్నా, గోర్గియాస్ ఇంకా కొండలలోనే ఉన్నాడని చెప్పి, దోపిడికి దిగకుండా తనవారిని నిలబెట్టాడు. ఖాళీ విడిదిని చూసి కొండలన్నీ గాలించి తిరిగి వచ్చిన గోర్గియాస్ మనుష్యులు తమ దండు తగలబడుతున్న పొగ చూసి యుద్ధం చేయకుండానే పారిపోయారు.

మరుసటి సంవత్సరం లిసియాస్ స్వయంగా దక్షిణపు దారిన బేత్సూరుకు వచ్చి వెనుదిరిగాడు. మొదటి గ్రంథం ఈ యుద్ధంలో శత్రువులు 65,000 అని, యూదా బలం 10,000 అని చెబుతున్నది. శత్రువుల సంఖ్యలు అతిశయోక్తులని చరిత్రకారులు భావిస్తారు. గెలిచినవారు వ్రాసుకున్న చరిత్రలలో ఇది మామూలే.

దేవాలయ శుద్ధి

లిసియాస్ వెళ్ళిన తరువాత యూదా యెరూషలేములో ప్రవేశించాడు. అక్ర కోట మాత్రం ఇంకా శత్రువుల చేతిలోనే ఉంది. దేవాలయ ప్రాంగణంలో చెట్లు, పొదలు మొలిచాయి. ద్వారాలు కాలిపోయాయి. కోటలోనివారిని అడ్డుకోవడానికి కొందరిని ఉంచి, నిష్ఠగల యాజకుల చేత శుద్ధి చేయించాడు. అపవిత్రమైన బలిపీఠాన్ని ఏమి చేయాలన్నది చిక్కు సమస్య అయింది. అది ఒకప్పుడు దేవునికి అర్పించినది గనుక పారవేయరాదు, అన్యదేవతకు బలి జరిగింది గనుక వాడరాదు. చివరకు దానిని విప్పి, ఆ రాళ్ళను ఒక ప్రవక్త వచ్చి నిర్ణయం చెప్పేవరకు అని ఒకచోట భద్రపరిచారు. చెక్కని రాళ్ళతో కొత్త పీఠం కట్టారు. కొత్త దీపవృక్షం, ధూపవేదిక, రొట్టెల బల్ల, తెరలు అమర్చారు. క్రీ.పూ. 164 డిసెంబరులో, కిస్లేవు 25న, అనగా అపవిత్రమైన తేదీనాడే తిరిగి బలి అర్పించి, ఎనిమిది రోజులు ఉత్సవం జరిపారు. ఇకమీదట ప్రతి సంవత్సరం ఈ ఎనిమిది రోజులు పండుగ చేసుకోవాలని యూదా, అతని సోదరులు, సమాజమంతా కలిసి నిర్ణయించారు.

ఎనిమిది రోజులే ఎందుకు అన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. రెండవ మక్కబీయుల గ్రంథం ప్రకారం, కొండలలో తిరుగుతూ ఆ ఏడు జరుపుకోలేకపోయిన పర్ణశాలల పండుగను అప్పుడు జరుపుకున్నారు. ఆ పండుగ ఎనిమిది రోజులు. అందరికీ తెలిసిన రెండవ సమాధానం బాబిలోను తల్మూదులో ఉంది. ప్రధాన యాజకుని ముద్ర చెడని నూనె బుడ్డి ఒక్కటే దొరికిందని, ఒక్కరోజుకు సరిపోయే ఆ నూనె ఎనిమిది రోజులు వెలిగిందని అందులో చెప్పబడింది. సంఘటనకు కొన్ని వందల సంవత్సరాల తరువాత వ్రాయబడిన ఈ కథ మక్కబీయుల గ్రంథాలు రెండింటిలోను లేదు. క్రీ.శ. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసిఫస్ ఈ పండుగకు దీపాలు అనే పేరున్నట్లు వ్రాసాడు గాని నూనె సంగతి చెప్పలేదు.

తరువాతి పోరాటాలు

దాదాపు అదే సమయంలో నాలుగవ అంతియోకస్ పర్షియాలో మరణించాడు. యూదా చుట్టుపక్కల ప్రాంతాలలో ఆపదలో ఉన్న యూదులను కాపాడడానికి పూనుకున్నాడు. సీమోను 3,000 మందితో గలిలయకు పోగా, యూదా, యోనాతాను 8,000 మందితో యోర్దాను దాటి గిలాదుకు పోయారు. తిరుగు ప్రయాణంలో దారి ఇవ్వని ఎఫ్రోను పట్టణాన్ని పడగొట్టి, అందులోని పురుషులందరినీ చంపారు. యూదాను ధర్మవీరుడిగా కొనియాడేవారు ఇలాంటి ఘట్టాలను దాటవేస్తుంటారు గాని మూలగ్రంథం దాచలేదు.

క్రీ.పూ. 162లో యూదా అక్ర కోటను ముట్టడించగా లిసియాస్ బాలరాజు ఐదవ అంతియోకస్‌ను వెంటబెట్టుకొని ఏనుగులతో వచ్చాడు. ఈ ఏనుగుల వెనుక భారతదేశపు చరిత్ర కొంత ఉంది. చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసుకొని 500 ఏనుగులను పొందిన సెల్యూకసే ఈ వంశానికి మూలపురుషుడు. అప్పటినుండి ఏనుగులు వారి సైన్యానికి గర్వకారణమయ్యాయి. అపమియా సంధి ప్రకారం ఏనుగులను ఉంచుకోకూడదు. అయినా ఉంచుకున్నారు. మొదటి గ్రంథం ఏనుగును నడిపే మావటిని భారతీయుడు అనే పేర్కొంటున్నది. గ్రీకులో మావటివానికి ఆ మాటే స్థిరపడింది. బేత్ జకరియా వద్ద జరిగిన యుద్ధంలో 32 ఏనుగులు పాల్గొన్నాయని, వాటిని రెచ్చగొట్టడానికి ద్రాక్ష, మల్బరీ రసాలు చూపించారని ఆ గ్రంథం చెబుతుంది. యూదా తమ్ముడు ఏలియాజరు అన్నిటికన్న పెద్దగా, రాజచిహ్నాలతో ఉన్న ఏనుగును చూసి, రాజు దానిమీదనే ఉన్నాడనుకొని, దాని కడుపు క్రిందికి దూరి పొడిచాడు. ఏనుగు అతని మీదనే కూలింది. యూదులు వెనుకకు తగ్గారు.

ఆ సంవత్సరం భూమిని బీడుగా వదలవలసిన ఏడవ ఏడు కావడంతో యెరూషలేములో తిండిగింజలు లేవు. ముట్టడి ఇంకొన్నాళ్ళు సాగితే తిరుగుబాటు ముగిసిపోయేదే. కాని రాజధానిలో ప్రత్యర్థి తలెత్తాడన్న వార్త విని లిసియాస్ తొందరగా సంధి చేసుకున్నాడు. యూదులు తమ ధర్మశాస్త్రం ప్రకారం జీవించవచ్చునని అంగీకరించి, మెనెలాస్‌ను చంపించాడు. తిరుగుబాటు ఏ కోరికతో మొదలయిందో అది నెరవేరింది. ఇక్కడితో చాలునని తృప్తిపడిన భక్తులు కూడా ఉన్నారు. యూదా మాత్రం రాజకీయ స్వాతంత్ర్యం లేని మతస్వేచ్ఛ నిలవదని భావించినట్లు అతని తరువాతి చర్యలను బట్టి తెలుస్తుంది.

తరువాత రాజైన మొదటి దెమేత్రియస్ అల్కిమస్‌ను ప్రధాన యాజకునిగా నియమించాడు. అతని మాట నమ్మి వచ్చిన భక్తులలో 60 మందిని ఒక్కరోజులో చంపించారు. తరువాత వచ్చిన నికానోరు మొదట యూదాతో స్నేహంగా ఉన్నాడని, పెళ్ళి చేసుకొని స్థిరపడమని సలహా ఇచ్చాడని, యూదా ఆ ప్రకారం వివాహం చేసుకున్నాడని రెండవ గ్రంథం చెబుతుంది. యూదా గృహజీవితం గురించి మనకు తెలిసినది ఈ ఒక్క మాటే. స్నేహం ఎంతోకాలం నిలవలేదు. క్రీ.పూ. 161లో అదారు మాసం 13న అదసా వద్ద జరిగిన యుద్ధంలో నికానోరు మరణించాడు. ఆ రోజును కూడా చాలాకాలం పండుగగా జరుపుకున్నారు గాని తరువాత అది మరుగున పడింది.

ఆ సంవత్సరమే యూదా యూపోలెమస్, యాసోను అనే ఇద్దరిని రోముకు రాయబారులుగా పంపి సంధి చేసుకున్నాడు. ఒకరికి యుద్ధం వస్తే మరొకరు సాయపడాలన్నది ఒప్పందం. రోమనులు మాటసాయం తప్ప చేసినదేమీ లేదు. ఆ తరువాత సుమారు వంద సంవత్సరాలకు, క్రీ.పూ. 63లో, అదే రోము సేనాని పాంపే యెరూషలేమును ఆక్రమించాడు.

మరణం

క్రీ.పూ. 160లో బక్కిడీస్ అనే సేనాని 20,000 మంది కాల్బలంతో, 2,000 మంది గుర్రపుదళంతో వచ్చాడు. ఎలాసా వద్ద విడిసిన యూదా వెంట 3,000 మంది ఉండగా, శత్రుబలం చూసి చాలామంది రాత్రికి రాత్రి జారుకున్నారు. 800 మంది మిగిలారు. వెనుకకు తగ్గి మరొకసారి పోరాడదామని వారు చెప్పినా యూదా వినలేదు. బక్కిడీస్ స్వయంగా ఉన్న కుడి పక్షాన్ని ఛేదించి తరుముకుంటూ పోగా, ఎడమ పక్షం వెనుకనుండి వచ్చి చుట్టుముట్టింది. కనుమలలో పొంచి గెలిచినవాడు చివరిసారి ఎదురెదురుగా నిలిచి మరణించాడు. సీమోను, యోనాతాను అన్న శవాన్ని, తమ్ముని శవాన్ని మోసుకుపోయినట్లుగా అతనిని మోదీనుకు తీసుకుపోయి తండ్రి సమాధి పక్కన ఉంచారు.

ఐదుగురు సోదరులలో ఒక్కరికీ సహజ మరణం రాలేదు. పెద్దవాడైన యోహానును కొంతకాలానికే ఒక ఎడారి తెగవారు చంపారు. యోనాతాను క్రీ.పూ. 152లో ప్రధాన యాజకుడై, తరువాత మోసంతో పట్టుబడి హతుడయ్యాడు. చివరకు మిగిలిన సీమోను కాలంలోనే అక్ర కోట వశమై, యూదయకు స్వాతంత్ర్యం లభించింది. తల్లిదండ్రులకు, సోదరులకు మోదీనులో దూరానికి కనిపించేలా ఏడు శిఖరాల స్మారకం కట్టించినది సీమోనే. అతనిని క్రీ.పూ. 134లో సొంత అల్లుడు విందులో చంపించాడు.

చరిత్రలో స్థానం

సీమోను సంతతివారు రాజ్యాన్ని విస్తరించారు. అతని కుమారుడు యోహాను హిర్కానస్ ఇదూమీయులను జయించి, బలవంతంగా సున్నతి చేయించి యూదమతంలో కలిపాడు. మత నిర్బంధాన్ని ఎదిరించి నిలిచిన ఇంటివారే రెండు తరాలలో మత నిర్బంధానికి దిగారు. హస్మోనీయులు దావీదు వంశీయులు కాకుండా రాజులు కావడం, ప్రధాన యాజక పదవిని కూడా తామే ఉంచుకోవడం ధర్మపండితులకు నచ్చలేదు. పైగా క్రీ.శ. 70లోను, 135లోను రోము మీద తిరుగుబాట్లు ఘోరంగా విఫలమైన తరువాత, కత్తి పట్టిన వీరుని కొనియాడడం క్షేమం కాదని పండితులు భావించి ఉండవచ్చు. యుద్ధాన్ని వెనుకకు నెట్టి నూనె దీపాన్ని ముందుకు తేవడానికి ఇదే కారణమని పలువురి అభిప్రాయం. పండుగ ప్రార్థనలో మత్తతీయ పేరు ఉంది, యూదా పేరు లేదు.

మొదటి మక్కబీయుల గ్రంథం హీబ్రూలో వ్రాయబడినా గ్రీకు అనువాదమే మిగిలింది. రెండవది కురేనే వాసి యాసోను వ్రాసిన ఐదు సంపుటాలకు సంగ్రహం. ఇవి యూదుల బైబిలులో చేరలేదు. కథోలిక, ఆర్థొడాక్సు క్రైస్తవులు వీటిని బైబిలులో చేర్చుకున్నారు. కనుక తెలుగు కథోలికుల బైబిలులో ఈ కథ చదవవచ్చు. ప్రొటెస్టెంటు సంఘాలు వాడే తెలుగు బైబిలులో ఈ గ్రంథాలు ఉండవు. అంటే యూదుల పండుగకు మూలమైన చరిత్రను భద్రపరిచినవారు క్రైస్తవులు. మధ్యయుగపు యూరపులో యూదాను తొమ్మిదిమంది ఆదర్శ వీరులలో ఒకడిగా లెక్కించారు. జర్మనీలో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన సంగీతకర్త హాండెల్ ఇతని కథను స్వరపరచగా 1747లో లండనులో ప్రదర్శించారు. 1932లో మొదలైన యూదుల క్రీడోత్సవాలకు మక్కబియా అని పేరు పెట్టారు.

హనుక్కా ఆచారాలు

యూదుల పంచాంగం మనదానివలెనే చాంద్రమానం. అధికమాసాలతో ఋతువులకు సర్దుబాటు చేస్తారు. కిస్లేవు 25 అంటే ఇంచుమించు కార్తీక లేదా మార్గశిర బహుళ దశమి, ఏకాదశి ప్రాంతం. 2023లో డిసెంబరు 7 సాయంత్రం, 2024లో డిసెంబరు 25 సాయంత్రం పండుగ మొదలయింది. ఎనిమిది రాత్రుల నడుమ అమావాస్య వస్తుంది గనుక సంవత్సరంలో చలి, చీకటి ఎక్కువగా ఉండే రాత్రులలో ఈ దీపాలు వెలుగుతాయి. దీపావళి అమావాస్య, కార్తీక దీపాలు ఎరిగిన తెలుగువారికి ఇది కొత్తగా తోచదు.

ఇది ప్రధానంగా ఇంటి పండుగ. దేవాలయపు దీపవృక్షానికి ఏడు కొమ్మలు కాగా, హనుక్కా దీపానికి తొమ్మిది ఉంటాయి. ఎనిమిది రాత్రులకు ఎనిమిది, వాటిని వెలిగించడానికి సేవకుడు అని పిలిచే తొమ్మిదవది. మొదటి రాత్రి ఒకటి, రెండవ రాత్రి రెండు, ఇలా పెంచుతూ పోతారు. పూర్వం షమ్మాయి శిష్యులు ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గిస్తూ రావాలన్నారు. హిల్లేలు శిష్యులు పవిత్రమైనదానిలో పెంచాలే గాని తగ్గించరాదని వాదించారు. రెండవ పద్ధతే నిలిచింది. దీపాన్ని దారిన పోయేవారికి కనిపించేలా గుమ్మం వద్ద గాని కిటికీలో గాని ఉంచాలి. ఆపద ఉన్న కాలంలో ఇంటి లోపల బల్ల మీద పెట్టుకున్నా చాలునని తల్మూదు మినహాయింపు ఇచ్చింది. ఈ దీపాల వెలుగులో చదవడం, పని చేసుకోవడం కూడదు. ఆ వెలుగు చూడడానికే. దీపాలు వెలుగుతున్నంతసేపు స్త్రీలు ఇంటిపని ముట్టకుండా కూర్చునే ఆచారం కూడా ఉంది.

నూనెకు గుర్తుగా నూనెలో వేయించిన పదార్థాలు చేసుకుంటారు. తూర్పు యూరపు యూదులు బంగాళాదుంప తురుముతో అట్లు, ఇజ్రాయేలులో జాము పెట్టిన బూరెల వంటి సుఫ్గానియోత్ చేస్తారు. పిల్లలకు నాణేలు పంచుతారు. పిల్లలు నాలుగు పలకల బొంగరం తిప్పుతూ గింజలు, నాణేలు పందెం కాస్తారు. పలకల మీది హీబ్రూ అక్షరాలకు అక్కడ గొప్ప అద్భుతం జరిగింది అనే అర్థం చెబుతారు. ఇజ్రాయేలులో అక్కడ అనే మాటకు బదులు ఇక్కడ అనే మాట అక్షరం ఉంటుంది. అంతియోకస్ భటులు వచ్చినప్పుడు గ్రంథాలు దాచి ఈ ఆట ఆడేవారని పిల్లలకు చెబుతారు గాని, యూరపులోని జూదపు బొంగరం నుండి ఇది వచ్చిందని చరిత్రకారులు అంటారు.

భారతదేశంలో

కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయేలు యూదుల ఐతిహ్యం ప్రకారం, అంతియోకస్ బాధలు పడలేక పారిపోయి వచ్చిన వారి పూర్వికుల ఓడ అలీబాగు సమీపాన నవ్‌గావ్ వద్ద పగిలి, ఏడు జంటలు మాత్రం బ్రతికాయి. వారు గ్రామాలలో స్థిరపడి గానుగ ఆడి నూనె తీసేవారు. శనివారం విశ్రాంతి దినంగా గానుగ ఆపేవారు గనుక ఇరుగుపొరుగువారు వారిని శనివారపు తెలికలవారు అనే అర్థంలో శనివార్ తేలీ అనేవారు. నూనె వృత్తిగా బ్రతికినవారికి నూనె దీపాల పండుగ మాత్రం తెలియదు. కొచ్చిన్ యూదులతో, తరువాత బాగ్దాదు యూదులతో సంబంధాలు పెరిగిన తరువాతే హనుక్కా వారికి పరిచయమయింది. యూదా దేవాలయాన్ని ప్రతిష్ఠించకముందే తమ పూర్వికులు బయలుదేరారనడానికి ఇదే ఆధారమని వారు చెప్పుకుంటారు. దీనిని అంగీకరించని చరిత్రకారులూ ఉన్నారు. 1948 తరువాత వీరిలో అధికభాగం ఇజ్రాయేలుకు తరలిపోయారు.

తెలుగు నేలలో గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. వీరు అంతకు పూర్వం బాప్టిస్టు సంఘానికి చెందిన దళిత కుటుంబాలవారు. తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకొని 1980 దశకం నుండి యూదాచారాలు పాటిస్తున్నారు. 1991లో ప్రార్థనా మందిరం ఏర్పరచుకున్నారు. ఇజ్రాయేలు మతాధికారులు వీరిని యూదులుగా గుర్తించలేదు. శనివారపు విశ్రాంతి దినంతో పాటు యూదుల పండుగలను వీరు తెలుగు, హీబ్రూ ప్రార్థనలతో జరుపుకుంటారు. ప్రొటెస్టెంటు సంప్రదాయం నుండి వచ్చినవారు గనుక, చిన్నప్పటినుండి చదివిన తెలుగు బైబిలులో యూదా మక్కబీయుని కథ వీరికి ఎదురుపడలేదు.